శవానికి పావలా కోత

పావలా బిళ్ల మన దేశంలో 2011 జూన్ 30 నుంచి చెల్లడం మానేసింది. సినిమా రివ్యూల్లో మాత్రం ఇప్పటికీ చలామణిలో ఉంది. రెండుంపావు, రెండున్నర, రెండుముప్పావు... కూరగాయల బేరంలా సాగుతుంది లెక్క. ఇందులో రెండుముప్పావు చాలా సుఖమైన అంకె. మూడు ఇస్తే "ఏం సూసి మూడిచ్చినవ్?" అని ఒకడు తగులుకుంటాడు. రెండున్నర ఇస్తే హీరో అభిమాని ఎవడో మన ఇంటి అడ్రస్ అడుగుతాడు. రెండుముప్పావు ఇస్తే ఇద్దరూ ఊరుకుంటారు. పదేళ్లుగా ఆ ముప్పావు నీడన బతుకుతున్నవాణ్ని నేను. మొన్న మాఘమాసంలో అదే పావలా నా కొంప ముంచబోయింది.

నేను ఉండేది హనుమకొండలో. శుక్రవారం మార్నింగ్ షో చూడటం, మధ్యాహ్నానికల్లా రివ్యూ రాసి మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టడం నాకు వారం వారం నోము. ఆ పూట ఆఫీసులో నా కుర్చీకి నా స్వెటర్ వేలాడుతూ ఉంటుంది. అది ఉంటే నేనున్నట్టే లెక్క. ఎండాకాలంలో కూడా.

మల్టీప్లెక్సులో టికెట్ 295 రూపాయలు. "అంత వెట్టి పోయి అక్కడ గురక వెట్టి వస్తవు. ఆ నిద్రేదో ఇంట్లనే పోతే ఫ్యాన్ కరెంటే గద ఖర్చు" అంటుంది మా ఆవిడ. ఆమెకు తెలియదు. హాల్లో నిద్ర పట్టిందంటే అది కూడా సినిమా మీద ఒక అభిప్రాయమే. "సెకండ్ హాఫ్‌లో కొంచెం ల్యాగ్" అని మేం రాసేది మెలకువ వచ్చాకే.

ఇంగ్లీషు సినిమాలతో నాకు కొంచెం ఇబ్బంది. భాష వల్ల కాదు, ఇంటర్వెల్ వల్ల. వాళ్లు ఇంటర్వెల్ అనేది ఒకటుంటుందని అనుకుని తీయరు. సమోసాలు అమ్ముడుపోవాలి కాబట్టి మన హాలు వాళ్లే మధ్యలో ఎక్కడో ఒకచోట కోస్తారు. తెర మీద ఎవడో తలుపు తీయబోతుంటాడు, టక్కున లైట్లు వెలుగుతాయి. ఇంటర్వెల్ బ్యాంగ్ లేని సినిమాకి ఏమని మార్కులు వేసేది?

2023 జులై 21న 'ఓపెన్‌హైమర్' వచ్చింది. వానలకు బడులు బంద్ పెట్టిన వారం. ముసురులో తడుచుకుంటూ వెళ్లి కూర్చున్నాను. మూడు గంటల సినిమా. అణుబాంబు కథ కదా అని బాంబు కోసం చూస్తుంటే, సూట్లు వేసుకున్నవాళ్లు గదుల్లో కూర్చుని మాట్లాడుకుంటూనే ఉన్నారు. కాసేపు రంగుల్లో, కాసేపు నలుపు తెలుపులో. దాదాపు రెండు గంటలకి పేలింది. తెర నిండా మంట. చప్పుడు మాత్రం లేదు! 295 రూపాయలు పెట్టినవాణ్ని, ఊరుకుంటానా? వెనక్కి తిరిగి ఆపరేటర్ గది వైపు "సౌండ్ రా! సౌండ్!" అని అరిచాను. ఇద్దరు ముగ్గురు నాతో గొంతు కలిపారు. అంతలో వచ్చింది చప్పుడు, కుర్చీ కింద నేల అదిరేట్టు. నా అరుపుకి జడిసి ఆపరేటర్ వైరు సరిచేశాడనుకుని కాలర్ సర్దుకున్నాను. "అతి ముఖ్యమైన సీన్లో సాంకేతిక లోపం" అని రాసి రెండున్నర ఇచ్చాను.

సాయంత్రం హైదరాబాద్ నుంచి మా అమ్మాయి ఫోన్. "నాన్నా, ముందు వెలుతురు వస్తది, చప్పుడు తర్వాత వస్తది. 1945 జులై 16న న్యూమెక్సికోల ఆ పరీక్ష చేసినప్పుడు వాళ్లు మైళ్ల అవతల నిలవడి చూసిండ్రు. అందుకే నోలన్ అట్ల తీసిండు. నువ్వు ఎన్నడు మెరుపు చూడలేదా?"

అప్పుడే బయట మెరిసింది. మనసులో లెక్కపెట్టాను. అయిదు అనేసరికి ఉరిమింది. అయినా రివ్యూ మార్చలేదు. విమర్శకుడన్నాక మాట మీద నిలబడాలి. మరుసటి మార్చిలో ఆ సినిమాకి ఏడు ఆస్కార్లు వచ్చాయి. గ్రూపులో ఏడుగురు నాకు దండం బొమ్మలు పెట్టారు, ఆస్కారుకి ఒకటి చొప్పున.

2023లోనే మార్చి 3న వచ్చిన 'బలగం' దగ్గర మాత్రం నా కలం వంకర పోలేదు. ముసలాయన చనిపోతాడు, కాకి పిండం ముట్టదు, ఇంటివాళ్ల పాత పంచాయితీలన్నీ బయటపడతాయి. మన ఇళ్లలో జరిగేదే. ఊళ్లలో తెర కట్టుకుని మరీ చూశారు. చివర్లో మన దుగ్గొండి కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే, అప్పటిదాకా మోచెయ్యి పెట్టుకునే జాగా కోసం నాతో తగాదా పడ్డ పక్క సీటాయన నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మూడున్నర ఇచ్చాను. నా చరిత్రలో అంతకు మించి ఇచ్చింది లేదు.

ఆ తర్వాత మొదలయ్యాయి తిప్పలు. చావు ఇల్లు చూపిస్తే జనం వస్తారని కొందరికి అర్థమైంది. ఇక మన యాసలో చిన్న సినిమా వచ్చిందంటే చాలు, మొదటి పావుగంటలో ఎవరో ఒకరు పోవలసిందే. అలాంటిదే ఒకటి మొన్న సంక్రాంతి వెళ్లిన వారం వచ్చింది. పేరు చెప్పను, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. హుజూరాబాద్ పక్క ఊళ్లో తీశారు, చిన్న చిన్న వేషాలన్నీ అక్కడివాళ్లే వేశారు. సినిమా పర్వాలేదు. మూడు ఇద్దామనే కూర్చున్నాను. శవం దగ్గర చెయ్యి ఆగిపోయింది.

వాకిట్లో పడుకోబెట్టారు. ముక్కులో దూది, కాలి బొటనవేళ్లకు కట్టు, తల దగ్గర దీపం, మెడలో బంతిపూల దండ. అంతా పద్ధతిగానే ఉంది. కెమెరా పైనుంచి మెల్లగా కిందికి దిగింది. దండలో మూడో పువ్వు లేచింది. పడింది. మళ్లీ లేచింది. ఇది చాలదన్నట్టు కోడలు తల బాదుకుంటూ మీద పడినప్పుడు శవం ఎడమ కన్ను చిట్లించింది, పాపం, కోడలి గాజులు తగిలినట్టున్నాయి. నేను ఇలా రాశాను: "ఈ సినిమాలో జీవం ఉన్న పాత్ర శవం ఒక్కటే. దండలో మూడో బంతిపువ్వు 11 సార్లు ఊపిరి పీల్చింది. శవానికి పావలా కోత. 2.75."

ఆ ముక్క మీద నాకే ముచ్చటేసింది. గ్రూపులోంచి గ్రూపులోకి పాకింది. "నైజాం మొత్తం తిరుగుతుంది బావా" అన్నాడు మా బామ్మర్ది. (నిజాం పాలన 1948లోనే పోయినా, సినిమా వసూళ్ల లెక్కల్లో తెలంగాణ ఇంకా నైజామే. పావలా లాగే ఇది కూడా వాళ్ల దగ్గరే చెల్లుతుంది.)

మాఘం రాగానే మా అమ్మాయిని చూడటానికి వచ్చారు. అబ్బాయికి హైదరాబాదులోనే ఉద్యోగం. సొంతూరు హుజూరాబాద్ దగ్గర. నా బుర్ర అక్కడే వెలగాల్సింది, వెలగలేదు. అబ్బాయి తండ్రి ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, దువ్విన మీసం. గడప దాటుతూనే "ఏం బావగారూ, మంచిగున్నరా?" అన్నాడు. ఇంకా పిల్లను చూడనేలేదు, అప్పుడే బావగారు! మా ఆవిడ నా వైపు చూసి కళ్లతోనే నవ్వింది.

సకినాలు పెట్టాం. సంక్రాంతివే, డబ్బా అడుగువి, అయినా కరకరలాడుతున్నాయి. మాటల్లో అబ్బాయి అన్నాడు, "మా బాపు ఈ మధ్య సినిమాల గూడ చేసిండు" అని.

"అబ్బో! ఏం వేషం?" అన్నాను.

ఆయన సిగ్గుపడ్డాడు. సకినం చుట్టు ఒకటి విరిచి నోట్లో వేసుకున్నాడు. "పెద్దదేం గాదు బావగారూ. నిలవడేది గూడ లేదు. పండుకునే వేషం."

నా సకినం గొంతులో అడ్డం పడింది. నీళ్లు తెచ్చిన మా అమ్మాయి నా మొహం చూసి, ఆయన మొహం చూసి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. సిగ్గనుకుని వాళ్లు మెచ్చుకున్నారు.

"పొద్దుగాల ఆరింటికి పండుకోవెట్టి పదకొండింటికి లేపిండ్రు. ఎండ. ముక్కుల దూది. మీద ఈగలు. అయినా కదల్లే. కనీ..." అని ఆగి, జేబులోంచి ఫోన్ తీసి, కళ్లజోడు పెట్టుకున్నాడు. "ఎవడో హనుమకొండాయననట. గిట్ల రాసిండు."

చదివాడు. నా వాక్యమే. బస్సులో ఈ చివరి నుంచి ఆ చివరికి టికెట్, టికెట్ అని అరిచిన గొంతులో పడేసరికి అందులో చమత్కారం ఒక్క చుక్క మిగల్లేదు.

"ముప్పై ఏండ్ల సర్వీసు బావగారూ. పావలాలు నడిచినన్ని దినాలు ఎవ్వరి పావలా నా సంచిల మిగల్లే. పిలిచి మరీ వాపస్ ఇచ్చిన. గసొంటిది, నా పావలా కోసిండు ఆయన!"

"దుర్మార్గుడు" అన్నాను. ఇంకేమనాలి?

ఆ మాట నోట్లో ఉండగానే మా బామ్మర్ది మిఠాయి డబ్బాతో వచ్చాడు. వచ్చినవాడు చెప్పులు విప్పి ఊరుకోవచ్చు కదా. "బావా, నీ శవం రివ్యూ మా ఆఫీసుల అందరు మస్తు నవ్విండ్రు! నీకు దండ వెయ్యాలె!"

గోడ గడియారం చప్పుడు వినబడింది. ఆయన కళ్లజోడు తీసి మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"మీరేనా సార్?"

సార్ అనే మాట అంత చల్లగా ఉంటుందని ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు తెలియదు. మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకి రేటింగ్ ఇచ్చే ధైర్యం ఇప్పటికీ లేదు. తప్పు ఆయనది కాదన్నాను. దర్శకుడిదన్నాను, కెమెరా అంత దగ్గరికి పోవడం తప్పన్నాను, చివరికి బంతిపువ్వు తేలికైనదన్నాను.

"గవన్ని వద్దు సార్. మీరే మళ్ల సూడుండ్రి" అని లేచాడు. దివాన్ మీద దిండ్లు పక్కన పెట్టాడు. "దక్షిణం ఎటు?" అని అడిగి, అటు తల పెట్టి పడుకున్నాడు. మా ఆవిడ "అయ్యో, శుభమా అని వచ్చి..." అంటుంటే వియ్యపురాలు కాబోయే ఆమె తాపీగా సకినం కొరుకుతూ, "పానియ్యి వదినా. ఆ రివ్యూ వచ్చినకాంచి ఇంట్ల రోజు గిదే. లెక్కవెడితె లేస్తడు" అంది.

"దండ లేకుంటె ఎట్ల తెలుస్తది?" అన్నాడు మా బామ్మర్ది. అని ఊరుకోకుండా, మా ఆవిడ పొద్దున గుమ్మానికి కట్టిన బంతిపూల తోరణం పీకి తెచ్చి ఆయన మెడలో వేశాడు.

అందరం చుట్టూ నిలబడ్డాం. నేను మూడో పువ్వు మీదే చూపు పెట్టాను. పది సెకన్లు. ఇరవై. గాలి లేని పొద్దున భద్రకాళి చెరువు ఎలా ఉంటుందో అలా ఉంది పువ్వు.

సరిగ్గా అప్పుడే మా అమ్మ గుడి నుంచి వచ్చింది. ఎనభై ఏళ్లు, రెండు కళ్లకూ శుక్లాలు. దివాన్ మీద మనిషి, మెడలో దండ, చుట్టూ తలలు వంచి నిలబడ్డ జనం. కొబ్బరిచిప్ప చేతిలోంచి జారింది.

"ఓ కొడుకో... ఎవరి కొడుకువో నాయినా... మా ఇంటికొచ్చి పండుకుంటివా కొడుకా..."

మా అమ్మ శోకం మొదలుపెడితే ఆపడం ఎవరి తరం కాదు. మా వాడలో చావులకు ఆమెను ప్రత్యేకంగా పిలిచేవారు. ఆయన మీద పడి ఛాతీ మీద చేత్తో కొడుతూ రాగం తీసింది. పై వాటాలోవాళ్లు దిగారు. ఎదురింటాయన సగం గడ్డం నురగతో పరుగెత్తుకొచ్చాడు. మా కాలనీ గ్రూపులో సగం మంది మా హాల్లోనే ఉన్నారు. అమ్మ గాజులు ఆయన ముక్కుకి తగిలాయి. ఎడమ కన్ను చిట్లలేదు. కన్నీళ్లు నుదుటి మీద పడ్డాయి. రెప్ప కదల్లేదు. మూడో పువ్వు కదల్లేదు.

యాభై సెకన్లు దాటాయి. "బాపూ?" అన్నాడు అబ్బాయి. జవాబు లేదు. వాళ్ల అమ్మ సకినం పక్కన పెట్టి లేచింది. "బాపూ!"

నా కాళ్లలో వణుకు మొదలైంది. "మూడు! మూడు ఇచ్చిన బావగారూ, లేవుండ్రి!" అని అరిచాను.

కుడి కన్ను కొంచెం తెరుచుకుంది. "గ్రూపుల వెట్టుండ్రి. గప్పుడు లేస్త."

వణికే వేళ్లతో కొట్టాను: "సవరణ. శవం నటన అద్భుతం. 3/5." హాల్లో నాలుగైదు ఫోన్లు ఒక్కసారే టింగుమన్నాయి. ఎదురింటాయన తన ఫోన్ ఆయన కళ్ల ముందు పెట్టాడు. పడుకునే చదివాడు. రెండోసారి కూడా చదివాడు. అప్పుడు ఊపిరి తీసుకున్నాడు చూడండి, మూడో పువ్వు కాదు, తోరణం మొత్తం లేచింది.

మా అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, కింద పడ్డ కొబ్బరిచిప్ప తీసి, ముక్క విరిచి ఆయన చేతిలో పెట్టింది. "తిను కొడుకా. సచ్చి బతికినవు."

ఆయన కొబ్బరి నములుతూ దివాన్ మీద కూర్చున్నాడు. మెడలో తోరణం అలాగే ఉంది.

"చాయ్ సల్లారినట్టున్నది బావగారూ" అన్నాడు. "ఇంకొకటి పెట్టిస్తరా?"