ఎర్ర తివాచీ తీర్పులు

2016 ఆస్కార్ వేడుకలో 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్' చిత్రానికి ఉత్తమ దుస్తుల రూపకల్పన పురస్కారం ప్రకటించగానే జెన్నీ బీవన్ నల్లని జాకెట్, మెడలో స్కార్ఫ్‌తో కుర్చీల వరుసల మధ్య నుంచి వేదిక వైపు నడిచారు. తోలును పోలిన బట్టతో కుట్టిన ఆ జాకెట్ వీపు మీది పుర్రె గుర్తు ఆ చిత్రంలోనిదే. ఆ కొద్ది క్షణాల వీడియోలో ఇరుపక్కల కూర్చున్న ప్రముఖులు కొందరు చేతులు కట్టుకుని ఆమెను ఎగాదిగా చూస్తున్నట్లు కనిపించింది. చూస్తుండగానే ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అందులో కనిపించిన దర్శకుడు అలెహాంద్రో ఇనారిటు తాను చప్పట్లు కొట్టానని తర్వాత వివరణ ఇచ్చారు, ఆ మాటను శంకించాల్సిన పని మాకు లేదు. అయితే అంతకు రెండు వారాల ముందే లండన్‌లో బ్రిటన్ సినిమా పురస్కారాలైన బాఫ్టా వేదిక మీద వ్యాఖ్యాత స్టీఫెన్ ఫ్రై ఆమె వేషాన్ని సంచులు మోసుకుంటూ వీధుల్లో బతికే నిరాశ్రయురాలితో పోల్చారు. నడుం నొప్పి వల్ల ఎత్తు మడమల చెప్పులు వేసుకోలేనని, ఒంటికి హాయిగా ఉండే బట్టలే తనకిష్టమని బీవన్ చెప్పుకోవాల్సి వచ్చింది. దశాబ్దాల పాటు నటీనటులకు పాత్రోచితమైన దుస్తులు సమకూర్చిన మనిషి, ఆ పనికే బహుమతి అందుకునే రోజుల్లో తన జాకెట్‌కు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావడం మమ్మల్ని నేటికీ బాధిస్తోంది.

అవార్డుల వేడుకల్లో తారల దుస్తులను విమర్శించవద్దని మేము అనడం లేదు. అక్కడ కనిపించే గౌన్లు, నగలు చాలావరకు ఫ్యాషన్ సంస్థలు అరువిచ్చినవి. వాటి ఎంపిక వెనుక జీతం తీసుకునే స్టైలిస్టులు, కొన్ని సందర్భాల్లో ప్రచార ఒప్పందాలు ఉంటాయి. పదిమంది కళ్లూ పడాలనే ఉద్దేశంతో తయారైన వస్తువు మీద పదిమందీ అభిప్రాయం చెప్పడంలో తప్పు లేదు. గౌను కుచ్చిళ్లు సరిగా జారలేదనో, భుజం కోత కుదరలేదనో, రంగు ఆ వెలుతురులో వెలవెలబోయిందనో రాస్తే అది విమర్శ. అలా రాయాలంటే బట్ట గురించి ఎంతో కొంత తెలిసి ఉండాలి. తెలియనప్పుడు, లేదా తెలుసుకునే ఓపిక లేనప్పుడు, కలం మనిషి ఒంటి మీదికి పోతుంది.

2015 ఆస్కార్ వేడుకకు నటి జెండాయా తెల్లని గౌనులో, జడలు కట్టిన పొడవాటి జుట్టుతో వచ్చారు. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు. తారల దుస్తులపై తీర్పులు చెప్పడానికే నడిచిన ఒక అమెరికా టీవీ కార్యక్రమంలో, ఆ జుట్టు గంజాయి వాసన వేస్తోందేమోనన్న అర్థంలో వ్యాఖ్య వచ్చింది. ఆమె నోరు పారేసుకోలేదు. తన తండ్రి, సోదరుడు, దర్శకురాలు ఆవా డువర్నే వంటి వారూ అలాంటి జుట్టుతోనే ఉంటారని గుర్తు చేస్తూ, నల్లజాతీయుల జుట్టు మీద తరతరాలుగా ఉన్న చులకన భావాన్ని ఒక ప్రకటనలో నిదానంగా వివరించారు. వ్యాఖ్యాత క్షమాపణ చెప్పారు. గౌను ఎలా ఉందన్న చర్చ మాత్రం ఆ గొడవలో మూలన పడింది. అంతకు ముందు ఏడాది అమెరికా నటీనటుల సంఘం స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అవార్డుల వేడుకలో కెమెరా తనను పాదాల నుంచి తల దాకా తడుముతుంటే నటి కేట్ బ్లాంచెట్ దాని ఎదుట కిందికి వంగి, మగవాళ్లనూ ఇలాగే చూపిస్తారా అని అడిగారు. ఆ ప్రశ్నకు ఆనాడు జవాబు దొరకలేదు. మన దేశంలోనూ కాన్పు తర్వాత 2012 కాన్ చిత్రోత్సవానికి వెళ్లిన ఐశ్వర్యా రాయ్ బరువు మీద ఎన్ని వెకిలి రాతలు వచ్చాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

రాత్రికి రాత్రే చెప్పే తీర్పులో తొందరపాటు కూడా ఉంటుంది. 2001 ఆస్కార్‌లో పాటల విభాగంలో పోటీపడిన ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్, మెడ చుట్టూ హంస చుట్టుకున్నట్లుండే తెల్లని దుస్తుల్లో వచ్చారు. మర్నాటి నుంచి ఏళ్ల తరబడి ఆ దుస్తులకు 'చెత్త' జాబితాల్లో చోటు ఖాయమైంది. 2015లో వాటినే న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం బ్యోర్క్ ప్రదర్శనలో పెట్టింది.

ఆమె పోటీపడిన ఆ విభాగంలోనే 2023లో మన 'నాటు నాటు' గెలిచింది. ఆ రాత్రి తారలు నడిచిన తివాచీ 1961 తర్వాత మొదటిసారి ఎరుపు కాని రంగులో ఉంది. జూనియర్ ఎన్టీఆర్ నల్లని దుస్తుల భుజం మీద గౌరవ్ గుప్తా తీర్చిన బంగారు పులిని తెలుగువాళ్లందరం ముచ్చటగా చూసుకున్నాం. అదే రాత్రి రూత్ కార్టర్ దుస్తుల రూపకల్పనకు రెండోసారి గెలిచి, రెండు ఆస్కార్లు సాధించిన తొలి నల్లజాతి మహిళ అయ్యారు. ఈ రంగంలో భారత్‌కు తొలి ఆస్కార్ తెచ్చిన భాను అథైయా పేరు కూడా మన ఫ్యాషన్ రాతల్లో అరుదుగానే వినిపిస్తుంది. 'గాంధీ' చిత్రానికి 1983లో జాన్ మోలోతో కలిసి అందుకున్న ఆ ప్రతిమను, భద్రంగా ఉంటుందని ఆమె 2012లో అకాడమీకే తిరిగి అప్పగించారు.

బట్టను చూడటం మనకు కొత్త విద్య కాదు. గద్వాల చీరో, వెంకటగిరి చీరో కొనడానికి వెళ్లిన ఇల్లాలు ముందు అంచు పట్టుకుంటుంది, తిరగేసి లోపలి వైపు దారాలు ఎలా ముగిశాయో చూస్తుంది, జరీని వేలితో రాసి చూస్తుంది, కొంగు వెలుతురుకు పట్టి నేత ఎంత చిక్కగా ఉందో పరిశీలిస్తుంది. ఆ చూపులో నిష్కర్ష ఉంటుంది, నచ్చకపోతే మొహమాటం లేకుండా పక్కన పెట్టేస్తుంది. చీర కట్టుకోబోయే మనిషి నడుము చుట్టుకొలత మాత్రం ఆమె పరీక్షలో ఎక్కడా రాదు. సినిమా పేజీల్లో మేము కోరుకుంటున్నది ఈ చూపునే.

ఈ విషయంలో మా పత్రికకూ బాధ్యత ఉంది. ఇకపై అవార్డుల ఫొటోల కింద ఆ దుస్తులను రూపొందించిన వారి పేరు, తెలిసినంత మేరకు అది ఏ నేత, ఏ మగ్గం పని అన్న వివరం ఇస్తాం. బరువు, వయసు, ఒంటి రంగు, జుట్టు మీద వ్యాఖ్యలు ప్రచురించం. మగ తారల దుస్తులకూ ఆడవారి దుస్తులకు ఇచ్చినంత చోటు, అంతే నిశితమైన విమర్శ ఉంటాయి.