సవరణ: పరిశీలన బావిలో బెంటొనైట్ పొర గురించి

ఇసుకరాయి, షేల్ పొరల్లో భూగర్భ జల పరిశీలన బావి నిర్మాణంపై రాసిన గత టపాలో, స్క్రీన్ (నీరు లోపలికి వచ్చేలా సన్నని చీలికలున్న గొట్టం భాగం) చుట్టూ ఇసుక నింపిన వెంటనే దానిపై సిమెంటు గ్రౌటు (నీటితో కలిపిన సిమెంటు మిశ్రమం) పోయవచ్చని పేర్కొన్నాను. అది పొరపాటు.

ఇసుకను స్క్రీన్ పైఅంచు దాటి సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు వరకు నింపి, దానిపై కనీసం మరో 60 సెంటీమీటర్ల మందాన బెంటొనైట్ (నీరు తగిలితే ఉబ్బే బంకమట్టి) గుళికలు వేసి, అవి నీరు పీల్చుకుని పూర్తిగా ఉబ్బిన తరువాతే గ్రౌటు పోయాలి. ఈ పొర లేకపోతే పలుచని సిమెంటు ఇసుక సందుల్లోకి దిగి స్క్రీన్‌ను చేరుతుంది. ఆపై ఆ బావి నీటి పీహెచ్ 11 దాటినా ఆశ్చర్యం లేదు, ఆ నమూనా రాతిపొరలోని నీటి గురించి కాక మన సిమెంటు గురించే చెబుతుంది. గుళికలు నీటిమట్టానికి పైన పడితే వాటంతట అవి ఉబ్బవు కనుక, శుభ్రమైన నీటితో తడపాలి. ప్రతి దశలోనూ బరువు కట్టిన టేపుతో లోతు కొలవాలి. పోసిన బస్తాల లెక్కను మాత్రమే నమ్మడం నా దృష్టిలో సరికాదు, ఎందుకంటే గుళికలు మధ్యలోనే బావి గొట్టమైన కేసింగ్‌కు అతుక్కుని కింద ఖాళీ మిగిల్చే ప్రమాదం ఉంది.

గ్రౌటును పైనుంచి కుమ్మరించకుండా, ట్రెమీ గొట్టం (లోతుకు దించే సన్నని గొట్టం) ద్వారా అడుగు నుంచి పైకి నింపాలన్న సూచనలో మార్పు లేదు.