తిడితేనే పని బాగుపడుతుందా? రొయ్యల షెడ్డులో లెక్క అలా లేదు

సూపర్‌వైజర్ల ఫోన్లలో తెగ తిరిగే సలహా ఒకటుంది. మెచ్చుకుంటే మర్నాడు పని చెడుతుంది, తిడితే బాగవుతుంది. నలుగురి ముందూ తిట్టు, మిగతావాళ్లకీ భయం ఉంటుంది. చదువుకున్న స్టాఫ్‌కైతే లోపాన్ని రెండు పొగడ్తల మధ్య పెట్టు. అన్నీ రాసుకుని నెలాఖరు మీటింగులో చెప్పు. భీమవరం, నర్సాపురం వైపు రొయ్యల ప్లాంట్లలో ఒలుపు టేబుళ్ల దగ్గర దీన్ని తు.చ. తప్పకుండా పాటించేవాళ్లున్నారు. వరసగా చూద్దాం.

“తిడితే మర్నాడు బాగవుతుంది.” కంటికి నిజంలాగే కనిపిస్తుంది, అందుకే ఇంత గట్టిగా నమ్ముతారు. ఒకామె ఒలిచిన వంద రొయ్యల్లో సగటున నాలుగింటికి నల్లపేగు మిగులుతుందనుకోండి. ఒకరోజు ఒకటి, ఇంకోరోజు ఎనిమిది కావచ్చు. ఎనిమిది వచ్చినరోజు తిడతారు. మర్నాడు అది నాలుగు దగ్గరికి దిగుతుంది; నోరెత్తకపోయినా దిగేదే. ఒకటి వచ్చినరోజు మెచ్చుకుంటారు. మర్నాడు మళ్లీ నాలుగు. “చూశారా, నెత్తికెక్కింది” అంటారు. ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులూ సరిగ్గా ఇదే వాదించారని, 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ రాశారు. అక్కడా తిట్టు చేసిన పనేమీ లేదు, అంకె తన సగటుకి తిరిగొచ్చింది అంతే.

పైగా కొలతే సరిగా ఉండదు. 31/40 కౌంట్ అంటే పౌనుకి, అంటే 454 గ్రాములకి, 31 నుంచి 40 ముక్కలు. ఒక్క పౌను శాంపిల్ తీస్తే చేతికొచ్చేవి ముప్పయ్యైదు, అటూ ఇటూ. అందులో పేగున్నది ఒక్కటి ఎక్కువ పడితే లోపం దాదాపు 3 శాతం ఎగబాకుతుంది. ఆ ఒక్క రొయ్య మీద ఆధారపడి ఒకర్ని ఆకాశానికెత్తి, ఇంకొకర్ని దులిపేస్తున్నారు! షిఫ్టులో వేర్వేరు వేళల్లో నాలుగైదు శాంపిళ్లు తీయండి, వారం అంకెలు పక్కపక్కన పెట్టండి. మాట్లాడ్డం ఆ తర్వాత.

పోనీ, మెచ్చుకోలే మంచిదా అంటే అదీ అంత సులువు కాదు. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ గుదిగుచ్చి 607 ఫలితాలు చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది, కానీ మూడోవంతుకి పైగా సందర్భాల్లో పని ఇంకా దిగజారింది. మాట పని మీంచి మనిషి మీదికి మళ్లితే దాని బలం తగ్గుతుందని వాళ్లు తేల్చారు. “నీకు శ్రద్ధ లేదు” అన్నా, “నీ అంత పనిమంతురాలు లేదు” అన్నా పేగు సంగతి మాత్రం అక్కడ లేదు.

“నలుగురి ముందూ.” మిగతావాళ్లు దీన్నుంచి నేర్చుకునేది చెడ్డ ముక్కల్ని ట్రే అడుక్కి తోసెయ్యడం.

“రెండు పొగడ్తల మధ్య.” “మీ షిఫ్టు భేష్, గ్లేజింగ్ కాస్త చూసుకోండి, మొత్తానికి సూపర్.” గ్లేజింగ్ అంటే గడ్డకట్టిన రొయ్య మీద పట్టించే మంచు పొర. ఈ మాటల్లో షిఫ్టు చూసే కుర్రాడికి గుర్తుండేవి భేషూ, సూపరూ. “ఆర్డర్‌లో గ్లేజింగ్ 10 శాతం, రాత్రి 14 వచ్చింది. నీళ్ల చల్లదనం, బెల్టు వేగం ఇప్పుడే చూద్దాం పద” అంటే అవమానమేమీ లేదు, పని కదులుతుంది.

“నెలాఖరున.” అప్పటికి ఆ సరుకు కంటైనర్ ఎక్కేసి ఉంటుంది, ఎవరు ఒలిచిందో టోకెన్ కూడా దొరకదు. లోపం కనిపించిన పూటే, ఆమె ట్రేలోంచే బాగున్నది ఒకటి, పేగున్నది ఒకటి తీసి పక్కపక్కన పెట్టండి. “ఇదిగోనమ్మా, పేగు మధ్యలో తెగి తోక దగ్గర ఉండిపోతోంది. పిన్ను రెండో కణుపు దగ్గర గుచ్చి మెల్లగా లాగండి.” ఆమె “ఆయ్” అంటుంది. గోదావరి జిల్లాల్లో ఆ “ఆయ్” మర్యాద, అర్థమైందనడానికి రుజువు కాదు. ఐదు రొయ్యలు మీ కళ్లముందు ఒలిపించండి. ఇరవై నిమిషాలాగి ఇంకో శాంపిల్ తీయండి.

అప్పుడూ తగ్గకపోతే మనిషిని వదిలి చుట్టూ చూడాలి. పిన్ను వంగిందా, చివరి టేబుల్ మీద వెలుతురు చాలదా, ఐసునీళ్లలో వేళ్లు మొద్దుబారాయా? అన్నిటికన్నా ముందు కూలి. కిలోకి ఇంతని కట్టి, నాణ్యత కోసం అరిస్తే ఆమె వినేది కిలో మాటే. లోపం హద్దులో ఉన్న ట్రేకి కిలో మీద కొంత కలిపితే ఆ అరుపు అక్కర్లేదు.

ఇక ఆ సలహాలో అసలు లేనిది: అన్న మాటని మళ్లీ సరిచూసుకోవడం. అమావాస్య, పౌర్ణమి దగ్గర పట్టుబడుల్లో కుబుసం విడిచిన మెత్తపెంకు రొయ్య ఎక్కువ పడుతుందని చెరువు రైతులు చెప్పేదే. దాని కండ ఊరికే చిరుగుతుంది. చిరుగులు ఒక్క టేబుల్లోనే పెరిగితే అక్కడి చెయ్యి చూడాలి, అన్ని టేబుళ్లలో ఒకేసారి పెరిగితే లాటు, అంటే ఆ విడత వచ్చిన సరుకు, చూడాలి. లాటుదే తప్పని తేలితే, పొద్దున మాట పడినామె దగ్గరికే సూపర్‌వైజర్ వెళ్లి “సరుకు మెత్తది, మీ చెయ్యి బాగానే ఉందమ్మా” అనాలి, ఆ రోజు రిజిస్టర్లో ఆమె పేరు పక్కన రాసింది కొట్టేయాలి.