చెకుముకి తుపాకీ కాలాన్ని అలాగే ఉండనివ్వాలి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్రిస్మస్ మరునాడు మొదలై జనవరి సగం దాటేదాకా సాగే జింకల వేటలో, రాష్ట్రంలోని చాలా ప్రాంతాల్లో చెకుముకి రాయితో పేలే పాతకాలపు తుపాకీ తప్ప మరో తుపాకీ పనికిరాదు. ఈ ప్రత్యేక కాలం 1974లో మొదలైంది. నియమాన్ని సడలించి మూతి నుంచే మందు నింపే కొత్త తరహా తుపాకులను కూడా రానివ్వాలన్న మాట వేటగాళ్ల మధ్య అప్పుడప్పుడు వినిపిస్తూ ఉంటుంది. సడలించకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ అడవుల్లో దొరికే ప్రశాంతతకు ఆ నియమమే ఆధారం.

ఈ తుపాకీకి తూటా ఉండదు. కొలిచిన మందును గొట్టం మూతిలో పోసి, నూనె రాసిన గుడ్డముక్కలో సీసపు గుండును పెట్టి, కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. గొట్టం పక్కన బొటనవేలి గోరంత దొప్ప ఉంటుంది. అందులో మరింత మెత్తని మందు చిటికెడు వేస్తారు. మీట నొక్కగానే చెకుముకి రాయి ఉక్కు పలకను గీరుతుంది, రవ్వలు దొప్పలో రాలతాయి, అక్కడ లేచిన మంట సన్నని రంధ్రం గుండా లోపలి మందును అంటుకుంటుంది. దొప్ప భగ్గుమనడానికీ గుండు బయలుదేరడానికీ మధ్య ఒక లిప్త గడుస్తుంది. ఆ లిప్తలో చెయ్యి కదిలితే గురి తప్పినట్టే.

సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన ఈ మందు చెమ్మను ఇట్టే పీల్చుకుంటుంది. మంచు పడే రోజున దొప్ప మూత ఎత్తి చూస్తే, గింజలుగా ఉండవలసిన మందు బూడిదరంగు ముద్దగా మారి ఉంటుంది. దాన్ని తుడిచి, పక్షి ఈక మొదలుతో రంధ్రం శుభ్రం చేసి, మళ్లీ పొడి మందు వేసుకోవాలి. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా ఈ పని తొందరపెడితే తెమలదు.

చేతిలో ఉన్నది ఒక్కటే గుండు. నా మటుకు నేను అరవై గజాలు దాటితే కాల్చను. మళ్లీ నింపుకోవాలంటే నిమిషం పడుతుంది, అంతలో పొగ కమ్మేస్తుంది. అందుకే వేటగాడు జింక వెంట పరుగెత్తడం మానేసి, ఒక హెమ్లాక్ చెట్టు మొదట్లో కూర్చుంటాడు. కూర్చున్నాక చెవులు పని మొదలుపెడతాయి. బీచ్ అనే అడవి చెట్టు మొక్కలు ఎండుటాకులను చలికాలమంతా విడవవు. చిన్న గాలికే గలగలమంటాయి. ఆ గలగలలో ఉడుత అడుగు వేరు, జింక అడుగు వేరు. ఉడుత గబగబా పరుగెత్తి ఆగుతుంది. జింక నాలుగడుగులు వేసి, చాలాసేపు ఊరుకుని, మరో రెండడుగులు వేస్తుంది. ఆ తేడా తెలియడం మొదలైన రోజు నుంచి, జింక కనబడకుండా పొద్దుగూకినా రోజు వృథా అయిందని నాకు అనిపించలేదు.

"తుపాకీ పట్టుకుని ప్రశాంతత ఏమిటన్నా?" అని ఇక్కడి మన తెలుగు సంఘంలో ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మన ఊళ్లలో నాటు తుపాకీ అంటే దొంగవేట గుర్తొస్తుంది. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అలా నిషేధించడం సరైనదే. ఇక్కడి కథ వేరు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఈ రాష్ట్రంలో జింకలు దాదాపు అంతరించాయి. 1895లో వన్యప్రాణుల కమిషన్ ఏర్పడి వాటిని తిరిగి పెంచింది. వాటిని తినే తోడేళ్లు మాత్రం తిరిగి రాలేదు. జింకలు మితిమీరితే ఓక్ మొలకలను మొదలంటా మేసేస్తాయి, అడవికి తరువాతి తరం ఉండదు. తుపాకులు, మందుగుండు మీద 1937 చట్టం ప్రకారం వసూలయ్యే పన్ను వన్యప్రాణుల సంరక్షణకే వెళుతుంది. ప్రాణం తీయడం చిన్న విషయం కాదు. చిన్నది కాదు కనుకనే, ఒక్క గుండుతో, దగ్గర నుంచి, నిశ్చయంగా తెలిశాక మాత్రమే కాల్చే పద్ధతి నాకు గౌరవప్రదంగా తోస్తుంది.

కొత్త తరహా తుపాకీలో కూడా మందును మూతి నుంచే నింపుతారు. కానీ అది వానకు తడవదు. దూరదర్శిని బిగించుకుంటే దూరం కూడా పెరుగుతుంది. అలాంటివాటికి అక్టోబరులో విడిగా ఒక కాలం ఉంది, అది చాలు. నియమం సడలిస్తే వేటకు కొత్తవారు వస్తారన్న వాదనలో కొంత నిజం ఉండవచ్చు. వారితోపాటే తొందర, రద్దీ కూడా వస్తాయి. పైగా పద్దెనిమిదో శతాబ్దంలో లాంకాస్టర్ ప్రాంతపు జర్మన్ కమ్మరులు మేపుల్ కర్రతో, పొడవాటి గొట్టంతో తీర్చిదిద్దిన తుపాకీ ఈ నేల సొంత పనితనం. అది గోడకు వేలాడే వస్తువుగా మిగలకుండా ఏటా అడవికి వెళుతున్నదంటే ఈ కాలం పుణ్యమే.

హారిస్‌బర్గ్, పిట్స్‌బర్గ్, ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. వేట కాలాల నిర్ణయాలను కమిషన్ బోర్డు ఏటా జనవరిలో ముందుగా ప్రతిపాదించి, ఏప్రిల్‌లో ఖరారు చేస్తుంది. మధ్యలో ప్రజల అభిప్రాయాలు తీసుకుంటుంది. వేటాడేవారే రాయాలని లేదు, అడవిలో నడిచేవారు కూడా రాయవచ్చు. క్రిస్మస్ తరువాతి వారాలు చెకుముకికే ఉంచమని నేను రాస్తాను. మీరు కూడా రాయండి.