డీటాక్స్ డైట్లు: మేలు ఎక్కడిది, ముప్పు ఎవరికి?

మూడు రోజులో, వారం రోజులో మామూలు భోజనం మానేసి పండ్లరసాలు, కూరగాయల రసాలు, నిమ్మనీళ్లతో గడిపితే ఒంట్లో పేరుకున్న విషాలన్నీ పోతాయని చెప్పే డీటాక్స్ డైట్లు ఏటా కొత్త పేర్లతో వస్తూనే ఉన్నాయి. వీటిని పాటించినవారిలో చాలామంది ఒళ్లు తేలికపడిందని, కడుపుబ్బరం తగ్గిందని చెబుతారు. ఆ మాటను కొట్టిపారేయడం తగదు. వారికి కలిగిన హాయి నిజమైనదే. అయితే అది దేనివల్ల కలిగిందో అమ్మేవారు ఒకలా చెబుతారు, శరీరధర్మశాస్త్రం మరోలా చెబుతుంది. ఈ తేడా తెలియకే కొందరు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు.

ఆ కొద్దిరోజుల్లో మనిషి ఏం తాగాడన్నదానికంటే ఏం మానేశాడన్నది ముఖ్యం. మద్యం ఆగుతుంది. వేపుళ్లు, ప్యాకెట్ తిండి, అర్ధరాత్రి భోజనాలు ఆగుతాయి. ఉప్పు తగ్గేసరికి ఒంట్లో నిలిచిన నీరు బయటికి పోతుంది. పైగా కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉండే పిండిపదార్థం ప్రతి గ్రాముకూ సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే కనుక, దానితోపాటు నీరూ పోయి తూకంలో ముల్లు చకచకా దిగుతుంది. మామూలు భోజనం మొదలైన కొద్దిరోజులకే ఆ బరువు తిరిగి వచ్చేస్తుంది, ఎందుకంటే తగ్గినదాంట్లో కొవ్వు పాలు చాలా తక్కువ.

కడుపులో కుళ్లిన వ్యర్థాలు రక్తంలోకి చేరి జబ్బులు తెస్తాయన్న ఊహ కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం చివర్లో పేరున్న వైద్యులు సైతం దాన్ని నమ్మారు. మలబద్ధకంతో వచ్చే తలనొప్పి, నిస్సత్తువ విరేచనం కాగానే తగ్గిపోతాయనీ, నిజంగా రక్తంలో విషం చేరి ఉంటే అంత త్వరగా తగ్గడం సాధ్యం కాదనీ 1919లో వాల్టర్ అల్వారెజ్ అనే అమెరికన్ వైద్యుడు వాదించారు. తరువాతి ప్రయోగాల్లో, ఆరోగ్యవంతుల పెద్దపేగు చివరన దూది కూరినా అవే బాధలు కలిగాయి. అంటే కారణం పేగు ఉబ్బడమే. శాస్త్రం వందేళ్ల కిందట వదిలేసిన ఆ ఊహ మీదే నేటికీ ఈ వ్యాపారం నడుస్తోంది.

విషాలను వదిలించే పని శరీరంలో క్షణం ఆగదు. మూత్రపిండాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, పనికొచ్చేదంతా వెనక్కి తీసుకుని, లీటరో రెండు లీటర్లో మూత్రంగా పంపుతాయి. కాలేయం అమ్మోనియాను యూరియాగా మారుస్తుంది. మందులను, మద్యాన్ని ఎంజైమ్‌లతో విడగొడుతుంది. కొన్నింటికి గ్లూటాథయోన్ వంటి పదార్థాలను జతచేసి బయటికి పంపుతుంది. ఆ గ్లూటాథయోన్ తయారీకి కావలసిన అమైనో ఆమ్లాలు ప్రధానంగా ప్రొటీన్ నుంచే రావాలి. రసాల డైట్లలో దాదాపుగా లేనిది అదే! కాలేయానికి సాయం చేస్తామంటూ దానికి కావలసిన సరుకునే ఆపేయడం ఎలాంటి సాయమో ఆలోచించాలి. పంపరపనసను పోలిన గ్రేప్‌ఫ్రూట్ పండు రసమైతే మందులను విడగొట్టే ఒక ముఖ్యమైన ఎంజైమ్‌ను అడ్డుకుని, కొన్ని రక్తపోటు, కొలెస్టరాల్ మాత్రల మోతాదు రక్తంలో పెరిగిపోయేలా చేస్తుంది.

అసలైన విషహరణ వైద్యంలో విషానికి పేరుంటుంది. ఒంట్లో సీసం చేరిందన్న అనుమానం వస్తే రక్తంలో దాని పరిమాణాన్ని కొలిచి, మందిచ్చి, మళ్లీ కొలుస్తారు. డీటాక్స్ ప్యాకెట్ల మీద ఏ విషం ఎంత తగ్గుతుందో సాధారణంగా కనిపించదు. మార్కెట్లో దొరికే ఈ డైట్ల మీద అప్పటికి ఒక్క రాండమైజ్డ్ పరీక్ష (చీటీలు తీసినట్టు మనుషులను గుంపులుగా విడదీసి ఫలితాలు పోల్చే పరీక్ష) కూడా జరగలేదని 2015లో వెలువడిన ఒక సమీక్ష తేల్చింది. తక్కువ కేలరీల ఆహారానికి విలువే లేదని దీని అర్థం కాదు. బ్రిటన్‌లో జరిగిన ‘డైరెక్ట్’ (DiRECT) అనే అధ్యయనంలో, టైప్ 2 మధుమేహం ఉన్నవారికి రోజుకు సుమారు 850 కేలరీల సంపూర్ణ పోషకాహారాన్ని 3 నుంచి 5 నెలలపాటు ఇస్తే ఏడాది చివరికి 46 శాతం మందిలో జబ్బు ఉపశమించింది. కానీ అక్కడ ప్రొటీన్, విటమిన్లు లెక్కప్రకారం అందాయి, మధుమేహం మాత్రలను, రక్తపోటు మాత్రలను మొదటిరోజే ఆపించారు, సిబ్బంది వెన్నంటి ఉన్నారు.

ఆ పర్యవేక్షణ లేనప్పుడే ముప్పు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులు మూడు రోజులు రసాలతో గడిపితే నీరసం, తలనొప్పి, చిరాకుతో సరిపోవచ్చు. ఇన్సులిన్ గానీ, మధుమేహానికి ఇచ్చే సల్ఫొనైల్‌యూరియా రకం మాత్రలు గానీ వాడేవారు మోతాదు మార్చకుండా భోజనం మానేస్తే రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రలకు విరేచనాల మందు తోడైతే రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పవచ్చు. కడిగేస్తుందన్న నమ్మకంతో అదేపనిగా నీళ్లు తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూలికా మందులతోపాటు అతిగా నీళ్లు తాగిన ఒక బ్రిటన్ మహిళ మూర్ఛతో ఆసుపత్రిలో చేరిన ఉదంతం వైద్యపత్రికలకెక్కింది. 2018లో ప్రచురితమైన మరో ఉదంతంలో ఆక్సలేట్లు (మూత్రపిండాల్లో స్ఫటికాలుగా పేరుకోగల పదార్థాలు) ఎక్కువగా ఉండే ఆకుకూరల రసాలు తాగిన 65 ఏళ్ల మహిళకు మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతిన్నాయి. ఆమెకు గతంలో బరువు తగ్గించే శస్త్రచికిత్స జరిగింది, అప్పటికి కొంతకాలంగా యాంటీబయాటిక్స్ కూడా వాడారు. ఆ రెండూ పేగులు ఆక్సలేట్‌ను ఎక్కువగా పీల్చుకునేలా చేస్తాయి.

నన్ను కలవరపెడుతున్నది ఇదే. దీర్ఘకాలిక జబ్బులతో విసిగినవారు, మాత్రల మీద మాత్రలు మింగుతున్నవారు ఈ ప్రచారానికి తేలిగ్గా లొంగిపోతారు, దెబ్బ తినేదీ వారే. గర్భిణులు, పిల్లలు, తిండి విషయంలో ఇదివరకే మానసిక సమస్యలతో సతమతమైనవారు వీటి జోలికి వెళ్లనేకూడదు. మిగతావారు ఈ డైట్ల నుంచి తీసుకోదగ్గది మద్యం, అతి ఉప్పు, ప్యాకెట్ తిండి మానడమే. దానికి ఖర్చు లేదు, గడువూ లేదు. ఇక అమ్మేవారు డబ్బు తీసుకునే ముందు ‘మీరు ఏ మందులు వాడుతున్నారు?’ అని అడగడం, జబ్బు ఉంటే వైద్యుడి అనుమతి లేకుండా అమ్మకపోవడం నియమం కావాలి.