మాడు మాహాత్మ్యం

మాడిపోయిన వస్తువును మాడిపోయింది అనడం అనాగరికమని నాకు పోయిన నెల మూడో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు తెలిసింది. తెలియజేసినవాడు పాతికేళ్ళు నిండీ నిండని ఒక మేనేజరు. అంతకుముందు యాభై నాలుగేళ్ళ పాటు నేను అనాగరికుడిగానే బతికాను. మాడిన దోసెను మాడిన దోసె అన్నాను, అడుగంటిన పప్పును అడుగంటిన పప్పు అన్నాను. హైదరాబాదు వంటి మహానగరంలో ఉంటూ కూడా నన్ను సరిదిద్దే నాథుడు ఇన్నాళ్ళూ దొరకలేదు.

ఆ జ్ఞానోదయం జరిగిన స్థలం మా కాలనీలోనే ఉంది. రెండేళ్ళ కిందటి వరకు అది ఒక రిటైర్డ్ ఇంజనీరు గారి ఇల్లు. ఆయన స్కూటరు నిలిపే పోర్టికోలో ఇప్పుడు తెల్లని పలకలు అతికించిన పుట్టలాంటి పొయ్యి ఉంది. దాని పక్కన తుమ్మ మొద్దులను గాజు తలుపుల వెనుక పేర్చి, కింది నుంచి చిన్న దీపాలు వెలిగించి, నగల దుకాణంలో వడ్డాణాలను చూపించినట్టు చూపిస్తున్నారు. ఈ నగరంలో ప్రతి ఫంక్షన్ హాలు వెనుకా బిర్యానీ డేగిశాల కింద మండేవి కూడా కట్టెలే. వాటికి ఎవరూ దీపాలు పెట్టలేదు. బోర్డు మీద ‘వుడ్ ఫైర్డ్’ అని రాసి ఉంది. దానిని తెలుగు చేస్తే ‘కట్టెల పొయ్యి’ అవుతుంది. అయితే అలా తెలుగు చేసిన మరుక్షణం 795 రూపాయల పిజ్జా 95 రూపాయలకు పడిపోయే ప్రమాదం ఉన్నది కనుక ఆ సాహసం ఎవరూ చేయలేదు.

మేము నలుగురం వెళ్ళాం. నేను, నా భార్య, ఈ విందుకు మూల కారకురాలైన మా అమ్మాయి, డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ. నేపుల్స్ పద్ధతి ప్రకారం 485 డిగ్రీల వేడిలో పిజ్జా అరవై నుంచి తొంభై సెకన్లలో కాలిపోతుంది. మాకు నలభై నిమిషాలు పట్టింది. మిగిలిన ముప్పై ఎనిమిదిన్నర నిమిషాలలో ఏం జరిగిందో నాకు తెలియదు కానీ, ఆ సమయంలో మెనూ వెనుక అచ్చు వేసిన చరిత్రను మూడుసార్లు చదివాను. 1889లో ఇటలీ రాణి మార్గెరీటా నేపుల్స్ వచ్చిందట. రఫాయెలె ఎస్పొసితో అనే వంటవాడు టమాటా, చీజు, తులసి జాతి ఆకులతో జెండా రంగుల పిజ్జా చేసి ఆమె పేరు పెట్టాడట. ఈ కథనూ, రాణి గారి తరఫున వచ్చిందని చూపించే ఉత్తరాన్నీ శంకించిన చరిత్రకారులు ఉన్నారు. కానీ నలభై నిమిషాల ఆకలి మీద ఉన్నవాడు రాణులను శంకించే స్థితిలో ఉండడు. ముందు మా కడుపులు మాడాయి. తరువాత పిజ్జా వచ్చింది, అది కూడా మాడి.

దాని స్వరూపం చెప్పాలి. నడిమధ్యలో తడి తడిగా, వాన వెలిసిన గల్లీలాగా, తెల్లని చీజు ముద్దలు ఎర్రని నీటిలో తేలుతున్నాయి. అంచు మాత్రం బొబ్బలెక్కి, ప్రతి బొబ్బ నెత్తి మీద పావలా బిళ్ళంత నలుపు, ఒక వైపు ఆ బిళ్ళలన్నీ కలిసిపోయి అరచేతి వెడల్పున బొగ్గు. మా అమ్మ చూపుడు వేలితో ఆ అంచును ముట్టుకుంది. వేలి కొన నల్లబడింది. ఆ వేలిని నాలుగు మడతలుగా మడిచిన కాగితపు రుమాలుతో తుడుచుకుని, ఆ నల్లని గీతను కాసేపు చూసి, నిదానంగా అంది:

“గిది మాడింది గదరా.”

“నానమ్మా, ప్లీజ్” అంది మా అమ్మాయి, పక్క బల్లల వైపు చూస్తూ.

పిజ్జా తెచ్చిన కుర్రవాడు తన స్థాయికి మించిన సమస్య ఎదురైందని గ్రహించి మేనేజరును పిలుచుకొచ్చాడు. మేనేజరు చేతులు వెనక్కి కట్టుకుని, వీసా తిరస్కరించే అధికారి ముఖంలో ఉండే దయతో ముందుకు వంగాడు. “అది మాడడం కాదు మేడమ్. చార్. దీన్ని లెపర్డ్ స్పాటింగ్ అంటారు.”

“ఏమంటుండు?” అని మా అమ్మ నన్ను అడిగింది.

“చిరుతపులి మచ్చలట అమ్మా.”

“పొయ్యిలకు పులి యాడికెళ్ళి వచ్చింది?”

మేనేజరుకు తెలుగు అర్థమవుతుంది గనుక ఆయన విజ్ఞానశాస్త్రంలోకి దిగాడు. పిండిని నలభై ఎనిమిది గంటలు చల్లని చోట పులియబెడతారట. అప్పుడు లోపల గాలి బుడగలు ఏర్పడతాయట. పొయ్యిలో పెట్టగానే ఆ బుడగలు ఉబ్బి, పైపొర పలచబడి, మంట తగిలి మచ్చలు పడతాయట. పులిసిన పిండికి పులి మచ్చలు రావడంలో భాషాపరంగా కొంత న్యాయం ఉన్నదని నేను మనసులోనే ఒప్పుకున్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు.

“రెండు దినాలు పులవెట్టి, ఆఖరికి మాడవెట్టిండ్రా?”

ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక కుటుంబ విషయంగా ముగిసేది. కానీ నాకు ఆకలితో పాటు జిజ్ఞాస కూడా పెరిగిపోయింది. ఎంత నలుపు వరకు చార్ అంటారు, ఎక్కడి నుంచి మాడు అంటారు అని అడిగాను. “ముప్పై శాతం వరకు చార్ సార్” అన్నాడు మేనేజరు, ఆస్తి పన్ను చెప్పినంత ధీమాగా. అయితే కొలుద్దాం అన్నాను. మా అమ్మాయి తల పట్టుకుంది. మేనేజరు జేబులోంచి ఫోను తీసి టార్చి వేశాడు. పక్క బల్ల మీది యువకుడొకడు, మెడలో కంపెనీ కార్డు ఆదివారం కూడా తీయనివాడు, తనంతట తాను లేచి వచ్చి, ఈ రుచి మొదట్లో అందరికీ అర్థం కాదని, తనకు మూడోసారికి అర్థమైందని సాక్ష్యం చెప్పాడు. నేను ఒక ముక్కను ఫోర్కుతో ఎత్తి తిరగేశాను. అడుగు మొత్తం, ఈ కొస నుంచి ఆ కొస వరకు, నల్లగా ఉంది.

“చిరుతకు మచ్చలుంటాయి, బాగుంది. ఒళ్ళంతా నలుపైతే దాన్నేమంటారు?” అని అడిగాను.

మేనేజరు ఒక క్షణం ఆలోచించాడు. టార్చి వెలుతురు ఆ నలుపు మీద స్థిరంగా నిలిచింది. “ఫుల్ చార్ సార్” అన్నాడు.

ఈ నగరవాసులకు చిరుత కొత్త కాదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, కాటేదాన్ దగ్గర నడిరోడ్డు మీద పడుకున్న చిరుతను ఊరంతా టీవీల్లో చూసింది. దగ్గరికి వెళ్ళి వేలితో తుడిచి చూసినవారెవరూ లేరు గానీ, దాని మచ్చలు వేలికి అంటుకునే రకంగా మాత్రం కనబడలేదు.

ఇంటికి వచ్చాక నేను అసలు నేపుల్స్‌వాళ్ళు ఏమంటారో చదివాను. పిజ్జా విషయంలో వాళ్ళు మన ఆగమ పండితుల కంటే పట్టుదల గలవారు. అసలైన పిజ్జాను కాపాడడానికి 1984లో ఒక సంఘమే పెట్టుకున్నారు. అక్కడి పిజ్జా చేసేవారి కళకు 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దొరికింది. యూరోపియన్ యూనియన్ 2010లో ‘పిజ్జా నపొలెతానా’ అనే పేరుకు నిబంధనలు అచ్చు వేసింది. వాటి ప్రకారం వెడల్పు 35 సెంటీమీటర్లు మించకూడదు, అంచు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉబ్బి ఉండాలి. ఆ అంచు ఏ రంగులో ఉండాలో కూడా రాశారు. బంగారు రంగులో. అంతేకాదు, కాల్చేవాడు పిజ్జా అంచును రేకు తెడ్డుతో ఎత్తి చూసుకుంటూ, మంట వైపు తిప్పుతూ, అది మాడకుండా చూసుకోవాలట. మాడకుండా! మా అమ్మ ఒక్క మాటలో చెప్పినదాన్నే యూరోపియన్ యూనియన్ చట్టం చేసింది.

అంత వేడిలో అంచు మీద అక్కడక్కడ చుక్కలు పడడం సహజమేనని నేనూ అంగీకరిస్తాను. చుక్కల మీద నాకు కోపం లేదు. కానీ తెడ్డు తిప్పవలసిన కుర్రవాణ్ణి నేను కూర్చున్న చోటు నుంచి చూస్తూనే ఉన్నాను. పిజ్జాను పొయ్యిలోకి తోసి, డెలివరీ కోసం అట్టపెట్టెలు మడవడానికి పక్క బల్ల దగ్గరికి పరిగెత్తి, రెండు పెట్టెలు మడిచి, బయట హెల్మెట్లతో నిలబడ్డవారికి అందించి, తిరిగి వచ్చి తీశాడు. ఇద్దరు మనుషులు చేయవలసిన పని ఒకడితో చేయిస్తే పడే మచ్చలు అవి. రెండో జీతం మిగుల్చుకుని, దాని ఫలితానికి చిరుత పేరు పెట్టి, మనకే అమ్ముతున్నారు.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

మా అమ్మ సూర్యాపేట దగ్గరి పల్లెలో పదిహేడో ఏట కట్టెల పొయ్యి ముందు కూర్చుంది. ఆమెకు గ్యాసు పొయ్యి దొరికింది 1994లో, నలభై ఏడో ఏట. ఆ ముప్పై ఏళ్ళూ ఆమె వుడ్ ఫైర్డ్ వంటే చేసింది. వానాకాలంలో తడిసిన కట్టెలు మండక, ఊదుగొట్టంతో ఊది ఊది, కళ్ళు మిరపపండ్లలా చేసుకుని, కొంగుతో తుడుచుకుంటూ జొన్నరొట్టెలు కాల్చింది. ఒకనాడు రొట్టె మీద రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ పడినందుకు మా నాన్న పళ్ళెం విసిరికొట్టాడు. అది గోడకు తగిలి గడప దాకా దొర్లిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఒక్కడే అనుకోకండి. నేను కూడా, ఇంటరు చదివే రోజుల్లో, మాడు వాసన వస్తోందని పళ్ళెం పక్కకు నెట్టి లేచిపోయాను. ఆమె ఏమీ అనలేదు. ఆ రొట్టెను తనే తిన్నది. మాడినవన్నీ అందరి కన్నా చివర ఆమే తిన్నది. అప్పుడు ఆ ఇంట్లో, చేతులు వెనక్కి కట్టుకుని, అది మాడు కాదండీ చిరుత మచ్చ అని చెప్పడానికి ఒక్క మేనేజరూ లేకపోయాడు!

ఇళ్ళలోని పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగలోంచి పేదింటి ఆడవాళ్ళను బయటికి తేవడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం పెట్టవలసి వచ్చింది, దేశమంతటికీ 2016లో ఉజ్వల పెట్టవలసి వచ్చింది. ఈ రోజు అదే పొగ వాసనను ‘స్మోకీ నోట్స్’ అని ముక్కు ఎగబీల్చి మెచ్చుకుంటున్న పెద్దమనుషులలో ఎంతమంది తమ ఇంట్లో దోసె అంచు కొంచెం నల్లబడితే నోరు మూసుకుని తింటారో నాకు తెలుసు. ఎందుకంటే వాళ్ళలో నేనొకణ్ణి. ఆడది మాడిస్తే అది ఆమెకు పనిమీద ధ్యాస లేకపోవడం, తెల్ల టోపీ పెట్టుకున్నవాడు మాడిస్తే అది కళ! సిగ్గులేని నాలుకలు మనవి. ఆ రాత్రి నా భార్య ఆ నల్లని అంచులను ఒక్కొక్కటిగా విరిచి పళ్ళెం పక్కన వరుసగా పేర్చింది. ఒక్క మాట మాట్లాడలేదు. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

బిల్లు సంగతి క్లుప్తంగా చెబుతాను. పిజ్జాకు చార్ పడ్డట్టే బిల్లుకు ఛార్జి పడింది, పది శాతం, సర్వీసు పేరిట. దానిని హోటలువారు తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే చెప్పింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించింది. నేను 1915 అనే హెల్ప్‌లైను నంబరును పైకి చదివేసరికి ఆ పది శాతం మాయమైంది. నలుపును మాత్రం ఏ నంబరూ తొలగించలేకపోయింది.

మేము లేవబోతుంటే మా అమ్మ కనబడలేదు. చూస్తే పోర్టికోలో పొయ్యి దగ్గర నిలబడి ఉంది. తెడ్డు కుర్రవాడితో మాట్లాడుతోంది. వాడిది బరంపురం వైపు ఊరట, తెలుగు బాగానే వచ్చు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దంతా దీని ముందే నిలబడతావా, మధ్యలో మంచినీళ్ళు తాగనిస్తారా అని ఆమె అడిగింది. వాడు నవ్వాడు. తరువాత ఆమె పొయ్యి నోట్లోకి వంగి చూసింది.

“బూడిది ఏం జేస్తరు బిడ్డా?”

“పారేస్తాం అమ్మా.”

“గింత మంచి బూడిదిని పారేస్తరా? ఒక కవర్ల పోసియ్యి. గిన్నెలు తోమనీకి మస్తుంటది, చెట్లకు గూడ ఎయ్యచ్చు.”

వాడు సంతోషంగా ఒక కవరు నిండా పోసి ఇచ్చాడు. మేనేజరు తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూశాడు. అతని ముఖంలో ఏదో ఆలోచన కదలడం నేను గమనించాను గానీ, అప్పుడు దానికి అర్థం తెలియలేదు.

మొన్న ఆ దారిన వస్తూ లోపలికి తొంగి చూశాను. కౌంటరు మీద, మూతికి జనపనార తాడు కట్టిన చిన్న చిన్న గాజు సీసాలు వరుసగా ఉన్నాయి. లోపల బూడిద. చీటీ మీద ‘ఆర్టిజనల్ వుడ్ యాష్, 249 రూపాయలు’ అని రాసి ఉంది. ఇంటికొచ్చి మా అమ్మకు చెప్పాను. ఆమె బాల్కనీలో కరివేపాకు కుండీ ముందు కూర్చుని, పిడికెడు బూడిద చల్లుతూ, తలెత్తకుండానే అడిగింది:

“పీచు గూడ ఇస్తరా?”