పాలు తాగితే సీసం పోదు

"సోల్డరింగ్ చేసే ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి, పది మందికి పంపాలి" అనే మెసేజ్ మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. సోల్డరింగ్ అంటే తగరం, సీసం కలిసిన సోల్డర్ వైరును వేడి ఐరన్‌తో కరిగించి బోర్డు మీద భాగాలను అతికించే పని. మా ఐటీఐ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, హన్మకొండ రిపేర్ షాపుల గ్రూపులో వచ్చింది, నర్సంపేటలో మోటార్ స్టార్టర్లు బాగుచేసే మిత్రుడు విడిగా కూడా పంపాడు. అందులోని మాటలివి: పొగలో వచ్చేది సీసం ఆవిరి. ముక్కుకు దస్తీ కట్టుకుని, పని అయ్యాక గ్లాసు పాలు తాగితే సీసం మొత్తం బయటకు పోతుంది. సోల్డర్ మీద రాసే 60/40 అంటే 60 శాతం సీసం. జాయింట్ మెరవకపోతే అది పనికిరాదు. లెడ్-ఫ్రీ, అంటే సీసం లేని సోల్డర్ వాడితే ఏ భయమూ లేదు. సోల్డర్ పట్టడానికి పూసే పేస్టు ఏదైనా ఒకటే, యాసిడ్ ఉన్నదైతే ఇంకా బాగా పడుతుంది.

పాల మాట రాసినవాళ్ల మీద నాకు నిజంగా కోపంగా ఉంది. సోల్డరింగ్ ఐరన్ మొన మామూలుగా 350 డిగ్రీల దగ్గర ఉంటుంది. సీసం మరగాలంటే 1,700 డిగ్రీలు దాటాలి. ఆ తెల్ల పొగ వైరు లోపలి ఫ్లక్సుది, అంటే సోల్డర్ బాగా పట్టేలా చేసే పదార్థానిది. మామూలుగా అది రోజిన్ అనే చెట్టు బంక పొగ. అదేమీ మంచిది కాదు. ఏళ్ల తరబడి పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకుంటే కొద్దిపాటి పొగకే ఆయాసం వస్తుంది. దస్తీ దాన్ని ఆపలేదు. పొగను ముఖానికి దూరంగా లాగేసే చిన్న ఫ్యాన్ పెట్టుకోవాలి.

సీసం లోపలికి పోయేది ప్రధానంగా నోటి నుంచి. ఒక చేతిలో బోర్డు, ఇంకో చేతిలో ఐరన్ ఉంటే సోల్డర్ వైరును పళ్ల మధ్య పట్టుకోవడం మన షాపుల్లో ఎంత మామూలో అందరికీ తెలుసు. కరిగిన సోల్డర్‌ను పీల్చే సక్కర్ నిండగానే టేబుల్ మీదే దులుపుతారు. ఆ బూడిదరంగు పొడి స్క్రూల డబ్బాలో, ఫోన్ మీద, టీ గ్లాసు పక్కన పడుతుంది. అవే వేళ్లతో ఖైనీ నలిపి పెదవి కింద పెట్టుకుంటారు, మిర్చీల పొట్లం వస్తే విప్పి తింటారు. తర్వాత పాలు తాగితే ఏం పోతుంది? రక్తంలో కలిసిన సీసం ఎముకల్లో చేరి ఏళ్లకేళ్లు అక్కడే ఉంటుంది. పాలు తాగామన్న ధైర్యంతో సబ్బుతో చేతులు కడుక్కోవడం మానేస్తున్నారు. ఈ మెసేజ్ చేస్తున్న అసలు నష్టం ఇదే.

అందులో ఒక మాట మాత్రం నిజమని ఒప్పుకుంటాను. ఖాళీ కడుపుతో పనికి కూర్చోవద్దని చివర్లో రాశారు. కడుపు ఖాళీగా ఉంటే సీసం ఒంట్లోకి ఎక్కువగా చేరుతుంది. తిండిలో కాల్షియం, ఇనుము తక్కువైతే ఇంకా ఎక్కువ. కాబట్టి తిని రండి, పాలూ తాగండి, కానీ పనికి ముందు, ఇంటి దగ్గర. ఇన్ని జాగ్రత్తలు చెప్పినవాళ్లకు పిల్లలు ఎందుకు గుర్తుకు రాలేదు? పిల్లలకు ఇంత సీసం వరకు పర్లేదు అనే లెక్కే లేదు. ఇంటి ముందుగదిలో షాపు నడిపేవాళ్లు మనలో ఎంతో మంది. పని చేసిన అంగీతో చంటిపిల్లను ఎత్తుకోకండి, టేబుల్ కింద ఆడుకోనివ్వకండి.

60/40లో 60 తగరం, 40 సీసం. తగరమే ముందు రాస్తారు. 63/37 అయితే 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా గట్టిపడుతుంది. 60/40 కొన్ని డిగ్రీల మేర మెత్తగా ఉండి గట్టిపడుతుంది, ఆలోపు కాంపోనెంట్ కాలు కదిలితే జాయింట్ పాడవుతుంది. చిన్న పనులకు 63/37 కొనమని అందుకే చెబుతాను.

మెరుపు సంగతి లెడ్ ఉన్న సోల్డర్ వరకే. 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి కలిసిన లెడ్-ఫ్రీ జాయింట్ మంచిదైనా కాస్త మసకగానే ఉంటుంది. బోర్డు మీది రాగి ప్యాడ్ మీదా, కాంపోనెంట్ కాలు మీదా పల్చగా పాకి వాలుగా దిగిందా లేదా చూడండి. ఉండలా నిలబడితే అనుమానించండి.

లెడ్-ఫ్రీ 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి ఐరన్ వేడి పెంచాల్సి వస్తుంది, ఫ్లక్సు పొగ ఎక్కువవుతుంది. సీసం భయం తగ్గుతుంది, పొగ భయం అలాగే ఉంటుంది. యూరప్‌లో 2006 జూలై 1 నుంచి కొత్త పరికరాల్లో సీసాన్ని కట్టడి చేసింది చెత్తలో కలిసే విషాన్ని తగ్గించడానికి కూడా. ఐరన్ పట్టినవాడికి ఏ భయమూ లేదని ఆ నిబంధనలో ఎవరూ రాయలేదు.

ఇక యాసిడ్ పేస్టు. "ఇంకా బాగా పడుతుంది" అన్న మాట అబద్ధం కాదు, అందుకే ఇది మరీ ప్రమాదం. జింక్ క్లోరైడ్, నవాసారం ఉన్న ఫ్లక్సు తుప్పును కొరికేస్తుంది, సోల్డర్ చటుక్కున పాకుతుంది. రేడియేటర్లకు, రేకు పనులకు అది సరే. బోర్డు మీద మిగిలితే గాలిలోని తేమను లాక్కుంటుంది. బావి దగ్గర రేకుల డబ్బాలో ఉండే ఆటో స్టార్టర్ బోర్డును వానలు పడ్డాక విప్పి చూడండి. రిలే కాళ్ల చుట్టూ పచ్చటి పొడి, దాని కింద వెంట్రుకలా సన్నబడిన రాగి ట్రాక్, వేలు తగిలిస్తే లేచివచ్చే ప్యాడ్. మోటార్ ఆగేది నాట్ల సమయంలో. రైతు కంపెనీని తిడతాడు, రిపేర్ చేసినవాడు "వోల్టేజ్ ప్రాబ్లం" అంటాడు.

ఎలక్ట్రానిక్స్‌కు రోజిన్ ఫ్లక్సు, లేదా నో-క్లీన్ (పని అయ్యాక కడగక్కర్లేనిది) అని రాసినది కొనండి. ఇప్పటికే యాసిడ్ పేస్టు వాడి ఉంటే థిన్నర్‌తో తుడిస్తే అందులోని జింక్ క్లోరైడ్ లాంటి ఉప్పు పోదు. బ్యాటరీ, సప్లై తీసేసి, గోరువెచ్చని నీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది కడగండి, తర్వాత ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. రిలే, ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి నీళ్లు పోనివ్వకండి.